తీసేయని టెస్టు

మా వంటింటి బల్ల దగ్గర నుంచి,
ఏప్రిల్ రెండో వారం

బావా,

ఫోన్ చేస్తే అక్క స్పీకర్ పెడుతుంది. మెసేజ్ పెడితే నువ్వు బొటనవేలు బొమ్మ ఒకటి పంపి ఊరుకుంటావు. మనిద్దరి మధ్యే ఉండాల్సిన మాట కాబట్టి కాగితం తీశాను. నవ్వుకో, ఫరవాలేదు.

మీ కంపెనీలో జావాస్క్రిప్ట్ టెస్టులు రాసే మనిషిని తీసుకుంటున్నారని అక్క చెప్పింది. రోజంతా అక్కడే ఫోన్లు ఎత్తుతుంది కాబట్టి అక్కకి మీకంటే ముందే అన్నీ తెలుస్తాయి. "పేపరు తయారుచేసేది మీ బావేరా, ఇంకేం, దర్జాగా వచ్చి కూర్చో" అంది. ఇన్నేళ్ళు కాపురం చేసినా తనకి నీ సంగతి తెలియలేదు. నువ్వు నాకు చదరంగంలో ఒక్క బంటు కూడా ఊరికే ఇవ్వలేదు.

నా సంగతి నీకు తెలుసు. మా కంపెనీని పెద్ద కంపెనీ కొనుక్కుంది. మొదట తీసేసింది టెస్టులు రాసేవాళ్ళనే. "ఇక మీదట ఎవరి కోడ్‌ని వాళ్ళే చూసుకుంటారు" అన్నారు. అప్పట్నుంచి ఇంటర్వ్యూలు. ఒకచోట ఒకాయన "మీ టెస్టులు కోడ్‌లో ఎంత శాతాన్ని తాకుతాయి?" అని అడిగాడు. "తాకడం వేరండీ, తప్పుని పట్టుకోవడం వేరు" అన్నాను. ఆయన నా మొహం వంక చూడకుండా ఏదో రాసుకున్నాడు. ఇంకోచోట రెండు పనిముట్ల మధ్య తేడా చెప్పమన్నారు, ఎక్కాలు అప్పజెప్పినట్టు చెప్పాను, పక్కనున్నావిడ కాగితంలో చూసి సరిచూసుకుంది. మూడోచోట రెండంకెలు కూడే కోడ్ ఇచ్చి టెస్టు రాయమన్నారు. "రెండూ రెండూ నాలుగని తేలితే ఉద్యోగం ఇచ్చేస్తారా?" అన్నాను. ఇవ్వలేదు.

మీ చెల్లెలు, అదే మా ఆవిడ, ల్యాబ్‌లో రెండో షిఫ్టు కూడా ఒప్పుకుంది. నన్నేమీ అనదు. అనకపోవడమే కష్టంగా ఉంది. ఈ ఉద్యోగం కూడా రాకపోతే ఈ పని వదిలేసి వాళ్ళ అన్న రంగుల దుకాణంలో కూర్చుంటానని మాటిచ్చాను. కోపంతో అన్న మాట కాదు, ఇద్దరం కూర్చుని తేల్చుకున్నదే.

నాకు ప్రశ్న చెప్పకు. జవాబు అసలే చెప్పకు. ఒక్కటి మాత్రం చెప్పు: నీ పేపరు టెస్టులు రాయడం వచ్చినవాణ్ణీ, వచ్చినట్టు మాట్లాడేవాణ్ణీ వేరు చేయగలదా? చేయగలిగితే వచ్చి కూర్చుంటాను.

నీ బావమరిది
(ఇంట్లో పిలిచే పేరే కావాలంటే, సందేహం)

*

ఆఫీసు కాంటీన్, కిటికీ పక్క బల్ల,
ఏప్రిల్ ఆఖరు

ఒరేయ్ సందేహం,

నీ ఉత్తరం మీ అక్క చేతిలో పడింది. "ఏంటి, ఇద్దరూ ప్రేమలేఖలు రాసుకుంటున్నారు?" అని పొద్దున్నంతా నవ్వింది. కవరు చింపలేదులే. ఇక మీదట ఆఫీసు చిరునామాకి రాయి.

నా పేపరు సంగతి అడిగావు. ప్రకటనలో ఉన్నంతవరకే చెప్తాను. నోటి ప్రశ్నలు లేవు. ఒక మంచి కోడ్ ఇస్తాం. దానికి మా దగ్గర చెడగొట్టిన నకళ్ళు ఉంటాయి, ఒక్కోదాంట్లో ఒక్కో తప్పు దాచిపెట్టాం. అవి నీకు కనబడవు. నువ్వు మంచి కోడ్‌ని చూసి టెస్టులు రాయాలి. మంచి కోడ్ మీద అవన్నీ నెగ్గి పచ్చగా రావాలి. చెడ్డ నకలు మీద ఏదో ఒకటి ఓడి ఎర్రబడాలి. ఎన్ని నకళ్ళని పట్టుకుంటే అంత మార్కు. దిద్దేది యంత్రం. పేర్లుండవు, అంకెలే ఉంటాయి. మాటకారులు గట్టెక్కే దారి లేదు. ఇలాంటి పేపరు ఇంకెక్కడైనా చూశావా? చూసుంటే చెప్పు, మీసం తీసేస్తాను. నాకు మీసం లేదని గుర్తుచేయకు.

ఒక చిక్కు ఉంది. చుట్టం ఎవరైనా దరఖాస్తు పెడితే పేపరు తయారుచేసినవాడు పక్కకి తప్పుకోవాలి. నేను తప్పుకుంటే ఇది పై అంతస్తు వాళ్ళ చేతికి పోతుంది, వాళ్ళు మళ్ళీ శాతాలు అడుగుతారు. కాబట్టి మన చుట్టరికం ఎక్కడా ఎత్తకు. నేనూ ఎత్తను. ఇద్దరం నిజాయితీగా ఉన్నప్పుడు చెప్పకపోవడం తప్పేం కాదు.

ఇంకో మాట, ఇది నీకు మాత్రమే. ఈ పేపరు బాగా నడిస్తే అన్ని శాఖల్లోనూ పెడతారట. అప్పుడు దీని మీద ఒక విభాగం, దానికో పెద్ద. మేనేజరు నా వంక చూసి నవ్వాడు. ఆయన ఊరికే నవ్వే మనిషి కాదు.

బాగా రాయి. నిన్ను నేను గుర్తుపట్టకూడదు.

బావ

*

మా వంటింటి బల్ల,
మే మూడో వారం

బావా,

రాసొచ్చాను. మొదట నీకు దక్కాల్సింది నీకు ఇస్తాను. నేను కూర్చున్న పరీక్షలన్నిట్లోకీ ఇదే మంచిది. మొదటి పేజీ చదవగానే, దీన్ని పని తెలిసినవాడు చేశాడనిపించింది. మీసం పెంచుకో.

కంపెనీలకి మనుషుల్ని పంపే ఏజెన్సీ వాళ్ళ గదిలో కూర్చోబెట్టారు. గాజు తలుపు, కదిలితే ఒక పక్కకి ఒరిగే కుర్చీ, ఎదురుగా చల్లటి గాలి మొహాన కొట్టే యంత్రం. ఇచ్చిన కోడ్ మీ యాప్‌లోదే కదా? ఆరోగ్య బీమా కట్టేవాళ్ళకి వచ్చే నెల గడువు ఏ తేదీనో లెక్కగట్టి, దానికి ముందురోజు గుర్తుచేసే ముక్క. రాసిన తీరు చూస్తే నీదే అనిపించింది. పొందిగ్గా ఉంది.

నా అలవాటు నీకు తెలుసు, ప్రతి టెస్టుకీ పేరు ప్రశ్నలాగే పెడతాను. "పదిహేనున చేరినవాడికి మళ్ళీ పదిహేనే వస్తుందా?" వస్తుంది. "డిసెంబరు తర్వాత సంవత్సరం మారుతుందా?" మారుతుంది. ఆ తర్వాత ఇలా రాశాను: "జనవరి ముప్పై ఒకటిన చేరినవాడికి ఫిబ్రవరి ఉందా?"

లేదు బావా. ఎర్రగా వచ్చింది.

నెలలో ఆ తేదీ లేకపోతే నెల చివరి రోజే గడువు అని నీ పేపరు మొదటి పేజీలోనే ఉంది. కోడ్ మాత్రం నెలకి ఒకటి కలిపి ఊరుకుంటుంది. ఫిబ్రవరి ముప్పై ఒకటి అవుతుంది. అలాంటి రోజు లేదని జావాస్క్రిప్ట్ అరవదు, మిగిలిన రోజుల్ని ముందుకు నెట్టుకుంటూ పోయి మార్చి మొదటి వారంలో కూర్చుంటుంది. మనిషి బీమా ఫిబ్రవరి చివర ఆగిపోతుంది. మీ యాప్ మార్చిలో "గడువు రేపే" అని తీరిగ్గా చెబుతుంది.

తప్పు నాదేమోనని మళ్ళీ మళ్ళీ చూశాను. నాది కాదు. గదిలో కాపలా ఉన్నావిడ వెనక నుంచి వంగి చూసింది.

"సార్, ఒకటి ఎర్రగా ఉంది, చూసుకున్నారా?"

"చూసుకున్నానండీ."

"అదొక్కటి తీసేస్తే మిగతావన్నీ పచ్చగానే ఉన్నాయి కదా సార్."

"తీసేయకపోవడమే కదండీ మా ఉద్యోగం."

ఆవిడ నవ్వింది. "మీ ఇష్టం సార్. పొద్దున్నుంచీ ఇద్దరు ముగ్గురికి అలాగే వచ్చింది, తీసేసి వెళ్ళారు."

నేను తీయలేదు. ఎందుకు ఎర్రగా ఉందో కింద నాలుగు వాక్యాల్లో రాసి వచ్చాను. అన్నీ పచ్చగా రావాలన్న నిబంధన నాకు కనబడకపోలేదు. కానీ ఎర్రగా ఉన్నదాన్ని ఎవరో ఒకరు తెరిచి చదువుతారు కదా. ఆ ఎవరో ఒకరు నువ్వే కదా.

సందేహం

*

ఆఫీసు, రెండో అంతస్తు,
మే ఆఖరు

ప్రియమైన బావమరిదికి,

ఫలితాలు వచ్చాయి. నీ పేపరు చెల్లలేదు. మంచి కోడ్ మీద ఒక్క టెస్టు ఎర్రబడినా మొత్తం పేపరు పక్కన పెట్టేలా యంత్రానికి చెప్పి ఉంది. అది నీకని పెట్టిన నిబంధన కాదు. ఇష్టం వచ్చినట్టు ఎర్ర టెస్టులు రాసేసి నకళ్ళన్నిటినీ పట్టుకున్నామనే తెలివిగలవాళ్ళని ఆపడానికి పెట్టాం.

మనసులో పెట్టుకోకు. నెల చివరి తేదీల సంగతి బీమా కంపెనీతో ముడిపడిన విషయం, ఎలా లెక్కగట్టాలన్నది పైవాళ్ళ నిర్ణయం. నీకు చిన్నప్పట్నుంచీ వెంట్రుకని నాలుగుగా చీల్చే అలవాటుంది. పరీక్షలో ఆ అలవాటు కాస్త ఆపుకోవాల్సింది.

ఇక్కడ పని ఎక్కువగా ఉంది. అక్క బాగుంది. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

బావ

*

ఇంటి నుంచి,
జూన్ రెండో వారం

బావా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. "పైవాళ్ళ నిర్ణయం" అన్నావు. నిర్ణయం నీ పేపరు మొదటి పేజీలోనే ఉంది, నెల చివరి రోజే గడువు అని. దాన్ని రాసింది నువ్వు. కోడ్ దానికి ఎదురు తిరిగింది. దాన్ని రాసిందీ నువ్వే. వెంట్రుక ఎక్కడుంది ఇందులో?

నిన్న ఏజెన్సీకి ఫోన్ చేశాను, ఇంకో రెండు కంపెనీలకి పంపమని.

"మీకు సున్నా ఉంది కదండీ" అంది ఆ అమ్మాయి.

"సున్నా కాదండీ, చెల్లలేదన్నారు."

"మా సిస్టమ్‌లో చెల్లకపోతే సున్నానేనండీ. సున్నా ఉన్నవాళ్ళని ఏడాదిపాటు టెస్టింగ్ పనికి పంపం. కావాలంటే డేటా ఎంట్రీకి రాసుకోనా?"

రాసుకోవద్దన్నాను. ఇన్నేళ్ళు చేసిన పనిలో నాకు సున్నా వచ్చిందని ఊళ్ళో కంపెనీలన్నిటికీ తెలిసేలా నమోదైంది. దాన్ని తుడవగలిగేది పేపరు తయారుచేసినవాడే. ఆ మాట కూడా ఆ అమ్మాయే చెప్పింది.

నాకు ఉద్యోగం వద్దు బావా. ఇవ్వకు. "ఆ ఎర్ర టెస్టు సరైనదే" అని ఏజెన్సీకి ఒక్క వాక్యం రాయి, చాలు.

అంతకంటే ముందు ఒక ప్రశ్న. నీళ్ళు నమలకుండా చెప్పు. నా పేపరు నువ్వు తెరిచి చదివావా, లేదా?

సందేహం

*

ఆఫీసు,
జూలై మొదటి వారం

బావమరిదీ,

ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. నీ గురించి ఆలోచిస్తూనే ఉన్నాను. నాతో చదువుకున్నవాడొకడు ఇక్కడ శిక్షణ సంస్థ నడుపుతున్నాడు. ఉద్యోగ పరీక్షలకి తయారయ్యేవాళ్ళకి టెస్టులు రాయడం నేర్పే మనిషి కావాలట. నీ పేరు చెప్పాను. "మీ బావమరిది అయితే ఇంటర్వ్యూ ఎందుకు, వచ్చి చేరిపొమ్మను" అన్నాడు. జీతం నువ్వు ఇదివరకు తీసుకున్నంత ఉండదు. రంగుల దుకాణం కంటే నయం.

అక్కడ ఏజెన్సీ, సున్నా గొడవలేమీ ఉండవు. కాలం గడిస్తే అన్నీ సర్దుకుంటాయి. వెళ్ళు. నా మాట విను.

బావ

*

శిక్షణ సంస్థ, మెట్ల పక్క గది,
అక్టోబరు మొదటి వారం

బావగారికి,

మీరు చెప్పినచోటే చేరాను. మూడు నెలలైంది. రాయలేదు, రాయడానికి ఏమీ లేక కాదు. నా ప్రశ్నకి మీరు జవాబు చెప్పలేదు, అది వచ్చాక రాద్దామనుకున్నాను. నిన్న జవాబు వచ్చింది. మీరు పంపలేదు, అయినా వచ్చింది.

ఇక్కడ నేను ఏం నేర్పుతానో మొదట చెప్పాలి. కోడ్ ఏం చేస్తుందో చూసి టెస్టు రాయకండి, ఏం చేయాలో చదివి రాయండి అంటాను. అంచుల దగ్గరికి వెళ్ళండి అంటాను. అంచు అంటే ఏంటి సార్ అని అడిగితే జనవరి ముప్పై ఒకటి చెప్తాను. నా దగ్గర ఉన్నవాటిలో మంచి ఉదాహరణ అదే. ఎక్కడ దొరికిందో చెప్పలేదు.

నిన్న పొద్దున తలుపు తోసుకుని ఒకమ్మాయి వచ్చింది. నా మొదటి బ్యాచిలోది, ఇదివరకు బట్టల షాపులో లెక్కలు చూసేది. వస్తూనే నా చెయ్యి పట్టుకుని ఊపేసింది.

"సార్! మీరు చెప్పిన ఫిబ్రవరి వచ్చింది సార్!"

"ఎక్కడ?"

"బీమా యాప్ కంపెనీ పరీక్షలో సార్. మంచి కోడ్‌లో నెల చివరి లెక్క సరిగ్గా ఉంది. చెడ్డ నకళ్ళలో ఒకదాంట్లో చెడగొట్టారు, నెలకి ఊరికే ఒకటి కలిపేసి. దాన్ని పట్టుకుంటే అన్నిటికంటే ఎక్కువ మార్కులంట. నాకు తప్ప ఎవరికీ దొరకలేదు సార్, ఉద్యోగం ఇచ్చేశారు."

"మంచిదమ్మా."

"ఆ ప్రశ్న తయారుచేసినాయన భలే తెలివైనవాడు సార్. ఇంటర్వ్యూలో కూడా ఉన్నారు. ఇది మీకెలా తట్టింది సార్ అని అడిగాను."

"ఏమన్నాడు?"

"అనుభవం అన్నారు సార్."

ఆ అమ్మాయికి ఉద్యోగం వచ్చినందుకు సంతోషించాను. నిజంగానే. టీ తెప్పించాను. తను వెళ్ళాక తలుపు వేసుకున్నాను.

అంటే మీరు చదివారు. నా నాలుగు వాక్యాలూ చదివారు. యాప్‌లో తప్పు సరిచేసుకున్నారు. పాత తప్పుని పారేయకుండా దాచి, దాని మీద ప్రశ్న చేశారు. నేను పట్టుకుంటే సున్నా. అదే నేను నేర్పినమ్మాయి పట్టుకుంటే ఉద్యోగం. రెండుసార్లూ దిద్దింది మీ యంత్రమే.

ఇంకొకటి. పోయిన నెల అక్క మా ఇంటికి వచ్చింది. భోంచేస్తూ ఆఫీసు కబుర్లు చెప్పింది. ఒక దర్జీ పదే పదే ఫోన్ చేసేవాడట. ఫిబ్రవరి వాయిదా తప్పిందని బీమా ఆగిపోయింది, మార్చిలో భార్యకి ఆపరేషన్ కావాల్సి వచ్చింది, బీమా వర్తించదన్నారు. "నాకు మీ దగ్గర్నుంచి సమయానికి మెసేజ్ రాలేదమ్మా, నేను మర్చిపోయే మనిషిని కాదు" అంటాడట. అక్క ముందున్న తెరమీద ఏం చెప్పాలో రాసి ఉంటుంది. అదే చెప్పిందట: మెసేజ్ వెళ్ళినట్టు మా దగ్గర ఉందండీ, మీరే మర్చిపోయి ఉంటారు. వెళ్ళింది నిజమే. ఏ తేదీన వెళ్ళిందో తెర మీద ఉండదు. "మనుషులు తమ తప్పు ఒప్పుకోరురా, ఎంతసేపూ ఎదుటివాళ్ళ మీదకే నెడతారు" అంది.

నేను తల వంచుకుని తిన్నాను. ఆ దర్జీ ఏ తేదీన చేరాడో నేను అడగలేదు. మీరు అడగండి.

మీ బావమరిది

*

ఆఫీసు, మూడో అంతస్తు, కొత్త గది,
అక్టోబరు మూడో వారం

ఒరేయ్,

'గారు' ఎప్పట్నుంచి వచ్చిందిరా మనకి? తిట్టదలుచుకుంటే తిట్టు, అంతేగానీ మర్యాద చేయకు.

చదివాను. ఫలితాలు వచ్చిన రోజే చదివాను. ప్రశ్నలాంటి పేర్లు చూడగానే నువ్వేనని తెలిసింది. నీ నాలుగు వాక్యాలూ చదివాను. ఆ రాత్రే కోడ్ సరిచేశాను. ఇప్పుడు ఎవరికీ ఫిబ్రవరి పోవడం లేదు. ఇది నువ్వు చేసిన మేలే, ఆ సంగతి నాకు తెలుసు.

మేనేజరుకి చెప్పాను. ఆయన ఏమన్నాడో వినాలని ఉందా? "సరిచేశావా? మంచిది. ఎప్పట్నుంచి ఉందని ఎవరైనా అడిగారా? అడగలేదు కదా. మరి నువ్వెందుకు చెప్తున్నావు?" అన్నాడు. మూడేళ్ళుగా ఉంది ఆ తప్పు. మీరే మర్చిపోయారని ఎంతమందికి చెప్పి పంపామో. ఒప్పుకుంటే కంపెనీ ఉండదు. నేనుండను. మీ అక్క ఉద్యోగమూ ఉండదు. ప్రశ్న కూడా ఆయన ఆలోచనే. "మనవాళ్ళే పట్టుకోలేకపోయారంటే మంచి ప్రశ్నే కదా" అన్నాడు. నేను వద్దనలేదు. విభాగం వచ్చింది. గది వచ్చింది. ఇదిగో ఈ ఉత్తరం అందులో కూర్చునే రాస్తున్నాను.

దర్జీ తేదీ చూశాను. ముప్పై ఒకటే.

ఇప్పుడు అసలు మాట. నీ సున్నా తుడిపిస్తాను. యంత్రం పొరపాటని ఏజెన్సీకి రాస్తారు. నా విభాగంలో ఒక చోటు ఖాళీగా ఉంది. మేనేజరు ఒప్పుకున్నాడు, చుట్టరికం తెలిసే ఒప్పుకున్నాడు. నువ్వు చేయాల్సింది చిన్నదే. మే నెలలో రాసిన పేపర్లోంచి ఆ ఒక్క టెస్టుని పొరపాటున రాశానని వెనక్కి తీసుకుంటూ ఒక సంతకం. ఆ టెస్టు మా దగ్గర ఉన్నంతకాలం, మాకు మే నెలలోనే తెలుసనడానికి అదే సాక్ష్యం. అది లేకపోతే తప్పుని మేమే కనిపెట్టి మేమే సరిచేసుకున్నట్టు.

చెల్లెమ్మ రెండు షిఫ్టులు చేస్తోందని నువ్వే రాశావు. ఆలోచించు. కోపం కడుపు నింపదు.

అక్కకి మాత్రం చెప్పకు. ఆ దర్జీతో మాట్లాడింది తనే. తట్టుకోలేదు.

బావ

*

శిక్షణ సంస్థ,
నవంబరు రెండో వారం

బావా,

నీ ఉత్తరం మీ చెల్లెలికి ఇచ్చాను. ల్యాబ్ కోటు ఇంకా విప్పలేదు, నిలబడే చదివింది. "ఉద్యోగం ఇస్తామంటున్నారుగా" అంది. అవునన్నాను. "ఏం చేయమంటావు?" అని అడిగాను. "నేను చేయమంటే చేసి, బతికినంతకాలం నన్ను సాధిస్తావు. నీ ఇష్టం నువ్వే తేల్చుకో" అని స్నానానికి వెళ్ళిపోయింది. వచ్చాక, "రెండో షిఫ్టు నాకు అలవాటైపోయిందిలే" అంది. ఆ మాట వినడం నాకెంత కష్టమైందో నీకు చెప్పను.

తీయను బావా. సంతకం పెట్టను. సున్నా అలాగే ఉండనీ. పరీక్ష గదిలో ఆవిడ తీసేయమన్నప్పుడు కాపాడుకోవడానికి నాకు ఉద్యోగం లేదు, కాబట్టి అది పెద్ద ధైర్యమేమీ కాదు. ఇప్పుడు ఉద్యోగం చేతికి అందేంత దూరంలో పెట్టి అడిగావు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రెండుసార్లు ఒప్పుకున్నాను, పడుకునే. పొద్దున్న క్లాసు ఉంది. వెళ్ళి అదే జనవరి ముప్పై ఒకటి చెప్పాను.

అక్కకి చెప్పొద్దన్నావు. చెప్పాను.

పోయిన ఆదివారం వచ్చింది. నీ కొత్త గది గురించి మురిసిపోతూ చెప్పింది, కిటికీలోంచి రోడ్డంతా కనబడుతుందట. నేను నీ పరీక్ష కాగితమూ, నీ ఉత్తరమూ తన ముందు పెట్టాను. అక్కకి కోడ్ తెలియదు. గోడమీద క్యాలెండరు తీసి ముందు పెట్టి, జనవరి చివరి గడి మీద వేలు పెట్టి, అక్కడ్నుంచి నీ కోడ్ నడిచినట్టే నడిపించాను. వేలు మార్చిలో ఆగింది. అక్క ఆ గడి మీద తన వేలు కూడా పెట్టి చూసుకుంది.

"మరి మెసేజ్ వెళ్ళినట్టు నా తెర మీద ఉంది కదరా?"

"వెళ్ళిందక్కా. ఆగిపోయాక వెళ్ళింది."

"మీ బావకి ఎప్పుడు తెలుసు?"

"మే నెలలో."

"ఆయన జూలైలో కూడా చేశాడు ఫోన్" అంది. నీ గురించి కాదు, దర్జీ గురించి. "జూలైలో కూడా నేను అదే చెప్పాను."

నిన్న అక్క తన ఫోన్ నుంచే ఆయనకి ఫోన్ చేసింది. పక్కన నేనున్నాను. స్పీకర్ పెట్టలేదు. తను మాట్లాడింది మాత్రం విన్నాను. "నేను ఆఫీసు తరఫున చేయడం లేదండీ... అవునండీ, ఆ గొంతే... మీరు మర్చిపోలేదండీ. తప్పు మాది. కావాలంటే నేను వచ్చి ఎక్కడైనా ఈ మాట చెప్తాను, మా తమ్ముడూ వస్తాడు." ఆ తర్వాత అటువైపు మాటలు చాలాసేపు సాగాయి. అక్క ఫోన్ పెట్టేసి మంచినీళ్ళు తాగింది.

ఆయన అన్నది ఇదట, బావా. ఆపరేషన్ ఆలస్యమైంది. ఆవిడ ఆగస్టులో పోయింది. పోయేముందు ఆస్పత్రిలో ఆయన చెయ్యి పట్టుకుని, "పోనీలెండి, ఎవరైనా మర్చిపోతారు" అందట.

అక్క ఏడవలేదు. ఈ మాట మీ బావకి ఉన్నదున్నట్టు రాయి అంది. రాశాను.